నిరసన పాట వెనుక కథను నలుగురికీ చెప్పడం ఎలా

పాటల మీద ఆసక్తి గల పదిమంది కూడిన చోట ఒక విదేశీ నిరసన గీతాన్ని పరిచయం చేయవలసి వస్తే, ముందుగా ఆ పాట పుట్టిన వీధిలోని చిన్న తగువును పట్టుకోవాలి. యుద్ధం, విప్లవం, తరాల సంఘర్షణ వంటి పెద్ద మాటలను ఆ తరువాతే తీయాలి. ఈ సంగతి నాకు కడపలోనే, కొంత సిగ్గుపడిన మీదట తెలిసివచ్చింది. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే అమెరికా రాక్ బృందం పాడిన 'ఫర్ వాట్ ఇట్స్ వర్త్' అనే పాటను నేను ఒక చిన్న సమావేశంలో వియత్నాం యుద్ధాన్ని ఖండించే గీతంగా పరిచయం చేసి వినిపించాను. పాట ముగిశాక వెనుక వరుసలోని విశ్రాంత ఉపాధ్యాయుడొకరు, "ఏం నాయనా, ఇందులో యుద్ధం మాట యాడుంది?" అని అడిగారు. చేతిలోని కాగితాన్ని రెండుసార్లు తిరగేసినా నాకు ఆ మాట కనబడలేదు.

కాబట్టి మొదట చేయవలసిన పని పాటలో ఉన్నదేమిటో, లేనిదేమిటో ఒక కాగితం మీద విడివిడిగా రాసుకోవడం. ఈ పాటలో ఊరి పేరు లేదు, వీధి పేరు లేదు, నాయకుడి పేరు లేదు. ఏదో జరుగుతోందనీ అదేమిటో స్పష్టంగా తెలియడం లేదనీ చెప్పే గొంతు, తుపాకీ పట్టుకొని హెచ్చరించే ఒక మనిషి, అట్టలు పట్టుకొని తమ పక్షానికి తామే జేజేలు కొట్టుకునే ఒక గుంపు ముఖ్యంగా కనబడతాయి. ఈ చివరి సంగతిని చాలామంది దాటవేస్తారు. పాట పోలీసులను ఎంత అనుమానంగా చూస్తుందో, ఊరేగింపులోని వారిని కూడా ఇంచుమించు అంతే అనుమానంగా చూస్తుంది. నా దృష్టిలో దాని బలమంతా అక్కడే ఉంది.

రెండవ పని తేదీలను వరుసగా పేర్చుకోవడం. అమెరికాలోని లాస్ ఏంజెలస్ ప్రాంతంలో సన్‌సెట్ స్ట్రిప్ అనే వీధి 1966 నాటికి సంగీతం వినడానికి వచ్చే యువతీయువకులతో రాత్రిళ్లు కిక్కిరిసి ఉండేది. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ వారు కూడా అదే వీధిలోని 'విస్కీ ఎ గో గో' క్లబ్బులో వాయించిన వారే. ఆ రద్దీ వలన వాహనాలు కదలడం లేదనీ, తమ బేరాలు దెబ్బతింటున్నాయనీ అక్కడి వ్యాపారులు, నివాసులు మొరపెట్టుకోగా, 18 ఏళ్లు నిండని వారు రాత్రి 10 గంటల తరువాత వీధిలో తిరగరాదన్న కర్ఫ్యూను అధికారులు గట్టిగా అమలు చేయసాగారు. నవంబరు 12న 'పండోరాస్ బాక్స్' అనే చిన్న క్లబ్బు ముందు నిరసనకారులు వందల సంఖ్యలో గుమిగూడారు, పోలీసులు ఎదురు నిలిచారు, అలజడి రేగింది. అప్పటికి 21 ఏళ్ల వాడైన, ఆ బృందంలోని స్టీఫెన్ స్టిల్స్ ఆ దృశ్యం చూసి పాట కట్టాడు. డిసెంబరు 5న, అంటే 23 రోజులకే, రికార్డింగ్ కూడా జరిగింది. 1967లో అది అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 7వ స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది పండోరాస్ బాక్స్‌ను పడగొట్టేశారు.

తేదీలు ఇలా పక్కపక్కన పెట్టుకుంటే పుకార్లు వాటంతటవే రాలిపోతాయి. ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో యుద్ధ వ్యతిరేక నిరసన వేళ నలుగురు విద్యార్థులు తూటాలకు బలైనది 1970 మే 4న. ఆ ఘటన మీద రాసిన పాట ఇదేనని చెప్పేవారికి ఈ ఒక్క తేదీ చాలు. అయితే యుద్ధ వ్యతిరేకులు ఈ పాటను తరువాత తమదిగా చేసుకున్నారన్నది నిజమే కనుక, ఆ సంగతిని రెండవ అధ్యాయంగా చెప్పాలి తప్ప మొదటి దానిలో కలపకూడదు.

మన శ్రోతలకు రాత్రి 10 గంటల కర్ఫ్యూ మీద పాట పుట్టిందంటే మొదట నవ్వు వస్తుంది. అప్పుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని తలచుకోవాలి. కోయిలకుంట్ల ప్రాంతం కడప కలెక్టరు ఏలుబడిలో ఉన్న ఆ రోజుల్లో ఆయనకు నెలకు రావలసిన తవర్జీ, అంటే ప్రభుత్వం ఇచ్చే భరణం, 11 రూపాయల 10 అణాల 8 పైసలు. దాని చెల్లింపు దగ్గర జరిగిన అవమానం 1846 నాటి తిరుగుబాటుకు ఒక కారణమని మన ప్రాంతంలో చెప్పుకుంటారు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీశారు, జనం మాత్రం ఆయన మీద పాటలు కట్టి నేటికీ పాడుకుంటున్నారు. భూములు, మాన్యాలు పోగొట్టుకున్న వారి కోపం ఆ లెక్క వెనుక ఉన్నట్టే, పెద్దలు తమ మాట వినరన్న పిల్లల కోపం ఆ కర్ఫ్యూ వెనుక ఉంది. రెండింటి తీవ్రత ఒకటి కాదని కూడా అక్కడే చెప్పేయాలి, లేకపోతే పోలిక అతిగా తోస్తుంది.

వినిపించేటప్పుడు పాటను రెండుసార్లు పెట్టడం మేలు. మొదటిసారి ఏ వివరమూ ఇవ్వకుండా, ఆరంభంలో బృందంలోని నీల్ యంగ్ గిటార్ మీద గంట కొట్టినట్టు మోగే రెండు స్వరాలను గమనించమని మాత్రమే చెప్పండి. తరువాత కథ చెప్పి, భావాన్ని తెలుగులో చదివి, రెండవసారి పెట్టండి. సాహిత్యమంతా అచ్చువేసి పంచనక్కరలేదు. కాగితం చేతిలో ఉంటే చెవులు పనిచేయవు.

పేరును ఎలా అనువదించాలన్నది చివరగా తేల్చుకోవలసిన చిక్కు. ఆ పదాలు పాటలో ఎక్కడా రావు. రికార్డు సంస్థ అధిపతికి స్టిల్స్ ఈ పాటను వినిపించబోతూ అన్న మాటే పేరుగా నిలిచిపోయిందని ప్రసిద్ధి. నిఘంటువు చూసి 'దాని విలువ మేరకు' అని రాస్తే అది తాకట్టు కొట్టు రసీదులా ఉంటుంది. నేను ఆ విశ్రాంత ఉపాధ్యాయుడినే అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, "ఏదో నాకు తోచింది, ఇనండి" అన్నారు. అప్పటి నుంచి అదే వాడుతున్నాను.