పాత కారుకు పెద్ద ఇంజిన్: బోల్టు విప్పే ముందే చూసుకోవాల్సినవి

బాడీ గట్టిగా ఉంది, తుప్పు లేదు, కూర్చుంటే హాయిగా ఉంది. ఇంజిన్ ఒక్కటే నీరసంగా లాగుతోంది. అలాంటప్పుడు "దీన్ని తీసేసి పెద్దది వేస్తే?" అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. మంచి ఆలోచనే, చక్కగా కుదిరిన కార్లూ ఉన్నాయి. కానీ కొత్త ఇంజిన్‌కి అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఇంజిన్ దించడం కంటే ఆ తేల్చుకోవడమే అసలు పని.

మొదట ఉన్న ఇంజిన్ సంగతి చూడండి. సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూసే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. టైమింగ్ తప్పినా, కార్బురేటర్ జెట్లు పూడుకుపోయినా, సైలెన్సర్ లోపల మూసుకుపోయినా, క్లచ్ జారుతున్నా, ఒక చక్రానికి బ్రేకు పట్టేసి ఉన్నా కారు లాగదు. వీటిలో ఏది ఉన్నా కొత్త ఇంజిన్ అక్కర్లేదు. కంప్రెషన్ పడిపోయిందని తేలినా, అదే ఇంజిన్‌ని బోరింగ్ చేయించి (అంటే సిలిండర్ల లోపలి గోడలు కొత్తగా చెక్కించి), కొత్త పిస్టన్లు, రింగులు వేయిస్తే సరిపోతుందేమో ఆలోచించండి. కొత్తలో ఆ కారు ఎలా పరుగెత్తేదో చాలామందికి తెలియదు. అరిగిపోయిన ఇంజిన్‌ని చూసి చిన్న ఇంజిన్ అనుకుంటారు.

అప్పటికీ పెద్దదే కావాలంటే, అదే బాడీకి కంపెనీ వాళ్లే పెద్ద ఇంజిన్ ఇచ్చిన మోడల్ ఏదైనా ఉందేమో వెతకండి. ఉంటే సగం టెన్షన్ తగ్గినట్టే. మౌంటింగులు, రేడియేటర్, ముందు స్ప్రింగులు, బ్రేకులు ఆ బరువుకీ ఆ బలానికీ సరిపడేలా వాళ్లే చేసి పెట్టారు. ఇంజిన్ ఒక్కటే కొనకుండా వీలైతే కారు మొత్తం కొనడం మేలు. గేర్ బాక్స్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), వైరింగ్, సెన్సర్లు, చిన్న చిన్న బ్రాకెట్లు అన్నీ ఒకచోటే దొరుకుతాయి. విడిగా వెతుక్కుంటూ పోతే ఇంజిన్ ధరను మించిపోయేది ఈ చిల్లర సామానే.

ఇప్పుడు బ్రేకులు. ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను: బ్రేకుల పని పూర్తి కాకుండా ఇంజిన్ పని మొదలుపెట్టకూడదు. కారు ఆగడానికి ఖర్చు చేయాల్సిన శక్తి వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల నుంచి 140కి వెళితే బ్రేకులు మింగాల్సిన వేడి దాదాపు రెట్టింపవుతుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న పాత కారు ఆ వేడిని తట్టుకోలేదు. వరసగా రెండుమూడుసార్లు గట్టిగా తొక్కేసరికి పట్టు సడలుతుంది. డీజిల్ ఇంజిన్ వేస్తుంటే ఇంకో మెలిక ఉంది. పెట్రోల్ ఇంజిన్ గాలి పీల్చుకునే మానిఫోల్డ్‌లో పుట్టే వాక్యూమ్‌తో, పెడల్ తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్ పనిచేస్తుంది, డీజిల్‌లో ఆ వాక్యూమ్ ఉండదు. విడిగా వాక్యూమ్ పంపు లేకపోతే పెడల్ రాయిలా అయిపోతుంది.

తర్వాత గేర్ బాక్స్. దాన్ని విరగ్గొట్టేది హార్స్‌పవర్ కాదు, టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. మొదటి గేర్ నిష్పత్తి 3.5, చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అనుకుందాం. ఇంజిన్ టార్క్ 14 రెట్లై చక్రాల దగ్గరికి చేరుతుంది. 150 న్యూటన్ మీటర్ల ఇంజిన్ ఉన్నచోట 250ది పెడితే, యాక్సిల్ మీద 2,100 బదులు 3,500 పడుతుంది. క్లచ్ ప్లేటు, షాఫ్టులు, జాయింట్లు, డిఫరెన్షియల్ పళ్లు అన్నీ పాత లెక్కకు చేసినవే. వరసలో బలహీనమైనది ముందు పోతుంది, దాన్ని మార్చగానే పక్కది పోతుంది. అందుకే ఈ వరస మొత్తానికీ ముందే ఖర్చు వేసుకోండి.

బరువూ చూడాలి. ఇనుప బ్లాకు ఉన్న పెద్ద ఇంజిన్ ముందు చక్రాల మీద కూర్చుంటే ముక్కు కిందికి దిగుతుంది, మలుపులో స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోవాలని చూస్తుంది. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) క్రాస్ మెంబర్‌కి (కింద అడ్డంగా ఉండే దూలానికి) తగులుతుందా, ఎగ్జాస్ట్ స్టీరింగ్ షాఫ్టుకి దగ్గరగా వస్తుందా, బానెట్ మూసుకుంటుందా అన్నది కొనే ముందే టేపు పెట్టి కొలవండి. ఇంజిన్ లోడు తీసుకున్నప్పుడు కాస్త ఊగుతుంది కాబట్టి ఆ ఖాళీ కూడా వదలాలి. రేడియేటర్ పాతదే ఉంచేద్దాం అనుకోవద్దు. ఖాళీ రోడ్డు మీద బాగానే ఉన్నట్టుంటుంది, ట్రాఫిక్‌లో నిలబడితే ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పోతుంది.

నాకు అన్నిటికంటే భయం నిప్పంటే. కార్బురేటర్‌కి పెట్రోల్ సుమారు 0.3 బార్ ప్రెషర్‌తో చాలు, మామూలు ఇంజెక్షన్‌కి దాదాపు 3 బార్ కావాలి. అంటే పది రెట్లు. పాత రబ్బరు పైపు ఆ ప్రెషర్‌కి చిట్లితే పెట్రోల్ నేరుగా వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద చిమ్ముతుంది. ఇంజెక్షన్‌కి తగిన పైపులు, క్లిప్పులు, అవసరమైతే మిగిలిన పెట్రోల్ ట్యాంకుకి తిరిగి వెళ్లే రిటర్న్ లైను కొత్తగా వేయించండి. కారు ఢీకొన్నా, ఇంజిన్ ఆగిపోయినా పంపు దానంతటదే ఆగేలా రిలే పెట్టించండి. పని జరిగినన్నాళ్లూ మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి.

ఇంజిన్ నంబరు మారుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్, పొగ నిబంధనలు, ఇన్సూరెన్స్ మీరుండే చోట ఏమంటున్నాయో రాతపూర్వకంగా తెలుసుకోండి. అనుమతి దొరకదని తేలితే అక్కడితో ఆపేయడమే మంచిది. చెప్పకుండా ఇంజిన్ మార్చారని తెలిస్తే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు.

ఎత్తి దించే రోజు జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు తప్పనిసరి. ఇంజిన్‌ని ఎత్తే హాయిస్ట్ చెయ్యి ఎంత బయటికి లాగితే అది మోయగల బరువు అంత తగ్గుతుంది. ఆ అంకె చేతి మీదే రాసి ఉంటుంది, చూసుకోండి. వేలాడే ఇంజిన్ కింద చెయ్యి కూడా పెట్టకండి. బిగించాక ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ వైరు మర్చిపోవద్దు. అది లేకపోతే స్టార్టర్ కరెంటు క్లచ్ కేబుల్ గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇగ్నిషన్, పెట్రోల్ ఆపి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పండి. రేడియేటర్‌లో గాలి పూర్తిగా పోనివ్వండి. మొదటి ప్రయాణం ఇంటి చుట్టుపక్కలే, నెమ్మదిగా ఉండాలి. తిరిగొచ్చాక ఇంజిన్ చల్లారనిచ్చి మౌంటింగ్, షాఫ్టు, ఎగ్జాస్ట్ బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో చూసి, పెట్రోల్ పైపుల జాయింట్లన్నీ వేలితో తడిమి, తడి లేదని తేలాకే దూరం వెళ్లండి.