దాంపత్యం గురించిన నమ్మకాలను భార్యాభర్తలు సరిచూసుకోవడం ఎలా?

భర్త దగ్గరికి వచ్చినప్పుడు భార్య కాదనకూడదని, నొప్పి ఉన్నా ఓర్చుకోవాలని నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆడపిల్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అయినా చాలామంది ఆ నమ్మకాలతోనే కాపురానికి వస్తారు. రాత్రి అంటేనే గుబులు పుట్టడం, భర్త మీద చెప్పుకోలేని విసుగు పెరగడం వెనుక తరచుగా ఇవే ఉంటాయి. కనుక ముందుగా మీరు దేన్ని నమ్ముతున్నారో, అది మీకు ఎవరి నుంచి వచ్చిందో తీరికగా ఆలోచించండి.

శరీరానికి సంబంధించిన నమ్మకాలను వైద్యులను అడిగి తేల్చుకోవాలి. తొలి కలయికలో రక్తం కనిపించకపోవడం దేనికీ రుజువు కాదు. ఆడవారికి చేసే కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్‌లో అండవాహికలను మూసివేస్తారే తప్ప అండాశయాలను తాకరు కాబట్టి దానివల్ల కోరిక చచ్చిపోదు. మగవారికి చేసే కు.ని. ఆపరేషన్ అయిన వేసెక్టమీ వల్ల మగతనం తగ్గుతుందన్న భయమూ ఇలాంటిదే, ఆ భయంతో ఆపరేషన్ భారాన్ని ప్రతిసారీ భార్య మీదే వేయడం అన్యాయం.

నొప్పిని మాత్రం అసలు దాచవద్దు. ఇన్ఫెక్షన్, బిడ్డకు పాలిచ్చే కాలంలోనూ ముట్లుడిగాక కూడా వచ్చే పొడిదనం, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం బయట పెరగడం), భయంతో కండరాలు బిగుసుకోవడం వంటి కారణాలు ఉండవచ్చు, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. నొప్పి ఎప్పటి నుంచి ఉందో, పైపైన వస్తుందో లోపల వస్తుందో గుర్తుపెట్టుకొని ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు గాని, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని స్త్రీల వైద్యురాలికి గాని చెప్పండి. కలయిక తరువాత రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు, అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లక్షణం కూడా కావచ్చు.

భర్తతో ఈ మాట పడక మీద కాకుండా ఇద్దరూ తీరికగా ఉన్న వేళ ఎత్తండి. "మీ మీద ఇష్టం లేక కాదు, నాకు నొప్పిగా ఉంటోంది" అంటే నింద వేసినట్లు ఉండదు. ముంబయి, పుణె వైపు వలస వెళ్లి నెలల తరువాత ఇంటికి వచ్చే భర్తలు ఉన్న పాలమూరు ఇళ్లలో, వచ్చిన రాత్రే అన్నీ సర్దుకుపోవాలన్న ఆశ భార్య మీద పెద్ద బరువు. ఆయన బయలుదేరకముందే ఫోనులో మాట్లాడుకోవడం మేలు. నిరోధ్ వాడమని అడగడం అనుమానించడం కాదని కూడా అప్పుడే చెప్పవచ్చు.

చెప్పినా వినకుండా బలవంతం చేస్తే దాన్ని కాపురంలో మామూలేనని సరిపెట్టుకోకండి. 2005 నాటి గృహహింస చట్టం లైంగిక వేధింపును కూడా హింసగానే పరిగణిస్తుంది. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరుకు ఫోను చేయవచ్చు, లేదా హింసకు గురైన మహిళలకు సాయపడే, జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రానికి వెళ్తే కౌన్సెలింగ్, వైద్య, న్యాయ సహాయంతో పాటు తాత్కాలిక ఆశ్రయం కూడా ఉచితంగా దొరుకుతుంది.