గులాబీ, బంతి మళ్ళీ మొగ్గ వేశాయి, ఇలా చేశాను

విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా మీద కుండీల్లో గులాబీ, బంతి పెంచుతున్నాం. సంక్రాంతి దాకా విరగబూసిన బంతి ఒక్కసారిగా డల్ అయిపోయింది, గులాబీకైతే ఆకులే తప్ప మొగ్గ లేదు. పక్కింటి పిన్నిగారు ఎరువు వెయ్యమన్నారు, వేశాను, ఆకు ఇంకాస్త పచ్చబడింది, అంతే.

అసలు సంగతి వాడిన పూల దగ్గర ఉంది. పువ్వు వాడాక మొక్క బలం గింజ కట్టడానికి పోతుంది, బంతి లాంటి ఒక్క సీజన్ మొక్కకి గింజ తయారైతే పని అయిపోయినట్టే, ఇంక కొత్త మొగ్గలెందుకు వేస్తుంది చెప్పండి. అందుకే వాడిన పువ్వుని వెంటనే తీసేయాలి. రేకులు పీకితే సరిపోదు, కింద ఉబ్బిన పచ్చటి భాగంతో సహా పోవాలి. బంతికి గోళ్ళు చాలు, కింది ఆకుల జంట దాకా తుంచేస్తే అక్కడి నుంచే పక్క కొమ్మలొస్తాయి. గులాబీకి మాత్రం పదునైన కత్తెర కావాలి. దాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఐదు రెబ్బల ఆకు ఉన్న చోటుకి కాస్త పైన, బయటి వైపు చూసే కణుపుకి పైగా ఏటవాలుగా కట్ చేశాను. కొత్తగా నాటిన మొక్కైతే అంత కిందకి వద్దు, దానికి ఆకులు కావాలి.

మందారానికి, బిళ్ళగన్నేరుకి ఈ తంటా లేదు, వాడినవి అవే రాల్చేసుకుంటాయి (బద్ధకస్తులకి అవే బెస్ట్).

బంతి తొందరగానే మొగ్గ వేసింది, గులాబీకి నెల దాటింది. విత్తనం కావాలంటే చివర్లో మంచి బంతిపూలు కొన్ని మొక్క మీదే ఎండనివ్వండి.