రోజుకో ఇంగ్లీషు మాట – 14వ పాఠం: కౌంటర్‌బ్యాలెన్స్

పోయిన పాఠంలో కౌంటర్యాక్ట్ నేర్చుకున్నాం. విరుగుడు పడితే విషం పనిచేయదు, అదీ కౌంటర్యాక్ట్. ఇవాళ్టి మాట దానికి దగ్గరి చుట్టమే, కానీ ఇందులో ఏదీ విరిగిపోదు. రెండు బరువులూ ఉంటాయి, ఒకదానికొకటి సరితూగుతాయి. ఈ తేడా పట్టుకుంటే మాట వచ్చేసినట్టే.

వెనకటి కిరాణా కొట్లో నెయ్యి తూచడం గుర్తు తెచ్చుకోండి. ముందు మన ఖాళీ గిన్నెను ఒక తట్టలో పెట్టి, ముల్లు నిటారుగా నిలిచేదాకా అవతలి తట్టలో చిన్న రాళ్లు వేసేవారు. ఆ తర్వాతే నెయ్యి. ఆ రాళ్లే కౌంటర్‌బ్యాలెన్స్. గిన్నె బరువు ఎక్కడికీ పోలేదు, దానికి సరిపడా బరువు అవతల చేరిందంతే. అసలు బ్యాలెన్స్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థమే ‘రెండు తట్టలది’.

అపార్ట్‌మెంట్ లిఫ్టులోనూ ఇదే లెక్క. తాడుకు అవతలివైపు వేలాడే దిమ్మెల బరువు, ఖాళీ లిఫ్టు బరువుకు అది మోయగల బరువులో దాదాపు సగం కలిపినంత ఉంటుంది. ఎనిమిది మంది పట్టే లిఫ్టు 544 కిలోలు మోస్తుంది. దిమ్మెలున్నాయి కాబట్టి, నిండుగా ఎక్కినా మోటారు మీద పడే తేడా ఇంచుమించు 272 కిలోలే.

ఇక వాడుక. మనం ‘నష్టానికి’ అంటాం కదా, ఆ ‘కి’ వల్ల ఇంగ్లీషులోనూ ‘టు’ చేర్చేస్తాం. నేనూ చాలాకాలం అలాగే రాశాను. చేర్చకూడదు. ‘ది లో రెంట్ కౌంటర్‌బ్యాలెన్సెస్ ది లాంగ్ డ్రైవ్’ అంటే చాలు. తిప్పి చెప్పాలంటే ‘ఈజ్ కౌంటర్‌బ్యాలెన్స్‌డ్ బై’. కాంపెన్సేట్ అయితే పక్కన ‘ఫర్’ కావాలి, దీనికి అక్కర్లేదు.

పలికేటప్పుడు ఒక సంగతి: నామవాచకమైతే ‘కౌం’ మీద ఒత్తు, క్రియ అయితే ‘బ్యా’ మీద. గట్టిగా నాలుగుసార్లు అనుకోండి.

అభ్యాసం: పులుసులో చింతపండు ఎక్కువైందని బెల్లం ముక్క వేశారు. కడుపులో మంటకు మాత్ర వేసుకున్నారు. వీటిలో కౌంటర్‌బ్యాలెన్స్ ఏది, కౌంటర్యాక్ట్ ఏది? రెండు వాక్యాలూ ఇంగ్లీషులో రాసి ఉంచండి, 15వ పాఠం వాటితోనే మొదలుపెడదాం.