దొడ్లో బాత్రూమ్‌కి గాలి పైపు ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తు లేపాలి

పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ప్లంబింగ్ పనులు చేస్తాను. మా వైపు ఇల్లు ముందుకి, లెట్రిన్ వెనక దొడ్లో కొబ్బరిచెట్ల పక్కన విడిగా కట్టుకోవడం ఇప్పటికీ మామూలే. వాటి గురించి నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఒకటే మాట: "కట్టి ఏడాది కూడా కాలేదండీ, వాసన ఆగట్లేదు." అప్పటికే ఫినాయిల్ మార్చి ఉంటారు, ట్యాంకు తోడించి ఉంటారు, కొందరైతే పాన్ పగలగొట్టి కొత్తది కూడా వేయించి ఉంటారు. చూస్తే లైనుకీ ట్యాంకుకీ గాలి ఆడటానికి నిలువుగా లేపే గాలి పైపు ఉండదు, ఉన్నా ఉండాల్సిన చోట ఉండదు.

పాన్ కింద పి ట్రాప్ వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలబడి ఉంటాయి. ట్యాంకులో పుట్టే గ్యాసు మీ గదిలోకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. మామూలు ట్రాపులో ఆ నీటి అడ్డు 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు. తక్కువ నీళ్లతో కడుక్కోవడానికి చేసిన రూరల్ పాన్‌కైతే 20 మిల్లీమీటర్లే. మీరు బకెట్ నీళ్లు గుమ్మరించగానే ఆ నీళ్లు ఒక ముద్దలాగా పైపులో ముందుకి పరిగెడతాయి, వాటి వెనక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ నిండాలంటే గాలి కావాలి. గాలి వచ్చే దారి లేకపోతే పైపు ట్రాపులో నీళ్లనే లాక్కుంటుంది. తాగేనీళ్ల టిన్ను బోర్లిస్తే గుడగుడమంటుంది చూడండి, కడిగిన వెంటనే బాత్రూమ్‌లో వినపడే ఆ చప్పుడు కూడా అదే. అది వినపడిందంటే ట్రాపులో నీళ్లు తగ్గుతున్నాయని అర్థం.

చాలామంది గాలి పైపంటే వాసన బయటికి పోవడానికే అనుకుంటారు. లోపలికి గాలి రావడం కూడా అంతే ముఖ్యం. పైపు ఎక్కడ పెట్టాలన్నది ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

ఒక ఇంటి సంగతి చెబుతాను. పెద్దాయన మెట్లెక్కలేకపోతున్నారని దొడ్లో రేకుల గదిలో కమోడ్ పెట్టించారు. ట్యాంకు తోడే ట్రాక్టరు గొట్టం అందాలని ట్యాంకు వీధి వైపు కట్టారు. గదికీ ట్యాంకుకీ మధ్య 45 అడుగుల లైను. గాలి పైపు ట్యాంకు మీద ఉంది, ఎత్తు కూడా సరిపోయింది. అయినా గదిలో కోడిగుడ్డు కుళ్లిన వాసన. నేను వెళ్లి స్నానం చేసే మూలలో నేల నీళ్లు పోయే నహానీ ట్రాపు జాలీ తీసి, టార్చి వేసి, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో సుద్దముక్కతో గీత పెట్టాను. కమోడ్‌లో ఒక బకెట్ ఒక్కసారిగా గుమ్మరించమన్నాను. గుడగుడమంది. మళ్లీ చూస్తే నీళ్లు గీత కిందికి బొటనవేలంత దిగిపోయాయి. ఇంకో రెండు బకెట్లకి అడుగు కనపడింది. నీళ్ల ముద్ద లైనులో ఉన్నంతసేపూ ట్యాంకు మీది పైపు దానికి అవతల వైపుంటుంది. ఇవతల కమోడ్ వైపు గాలి అందించేది ఏదీ లేదు. ఆ లోటు పక్కనున్న నహానీ ట్రాపు తీర్చింది.

అందుకని నేను చెప్పేది ఒకటే: గది ట్యాంకుకి దూరంగా ఉంటే ట్యాంకు మీద ఒకటి, కమోడ్ దాటగానే గోడ బయట ఇంకొకటి పెట్టండి. ట్యాంకు గది గోడకి ఆనుకునే ఉంటే ఒకటి సరిపోతుంది.

ఇక పని. కమోడ్ నుంచి బయటికొచ్చే లైను 110 మిల్లీమీటర్ల ఎస్‌డబ్ల్యూఆర్ పైపు, అంటే మురుగుకీ వాననీళ్లకీ వాడే మన నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపు. వాటం, అంటే వాలు, అడుగుకి పావు అంగుళం ఇవ్వండి. గోడ దాటిన వెంటనే 110కి 75 రెడ్యూసింగ్ టీ వేయాలి, అంటే 110 లైను మీద 75 మిల్లీమీటర్ల గాలి పైపు నిలబెట్టే మూడు మూతుల ముక్క. దాని పక్కనే తెరిచే మూతున్న డోర్ ఫిట్టింగ్ కూడా ఒకటి ఉంటే రేపు ఎక్కడైనా అడ్డుపడినప్పుడు గోడ పగలగొట్టక్కర్లేదు. టీ మూతి ఆకాశం వైపు ఉండాలి, తప్పదంటే 45 డిగ్రీలు వంచవచ్చు. పక్కకి పడుకోబెట్టారో, కడిగినప్పుడల్లా మలం, కాగితం అందులోకి ఎగదన్ని కొన్నాళ్లకి మూతి పూడుకుపోతుంది. పైపు పైకి కనపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం ఆడదు. ఈ తప్పు నేను చాలా ఇళ్లలో చూశాను. గోడ దగ్గరికి తిప్పడానికి కొంత అడ్డంగా పోవాల్సి వస్తే, ఆ ముక్కకి కూడా వాటం లైను వైపే ఇవ్వండి. లోపల పట్టే చెమట, వానచుక్కలు వెనక్కి జారిపోవాలి. మలుపు తిప్పాల్సిన చోట ఒక 90 బెండు బదులు రెండు 45లు వేస్తే గాలి సాఫీగా ఆడుతుంది.

పైపు కొనేటప్పుడు షాపులో 'ఎ' టైపు కావాలా 'బి' టైపు కావాలా అని అడుగుతారు. గాలికీ వాననీళ్లకీ 'ఎ', మురుగుకి 'బి' అని లెక్క. 'ఎ' పల్చన, ధర తక్కువ. గాలి పైపుకి 'ఎ' చాలు, కానీ మన దొడ్లలో కొబ్బరి మట్ట విరిగిపడితే అది నిలబడదు. పైపు చెట్ల కింద ఉంటే నేను 'బి'యే వేస్తాను. ఎండ తగిలే పైపుకి ఒక కోటు రంగు కొట్టండి, లేకపోతే నాలుగు వేసవుల్లో పెళుసెక్కుతుంది. గోడకి నాలుగైదు అడుగులకొక క్లాంపు, రేకు దాటిన తర్వాత పైన ఊగకుండా జీఐ తీగతో రెండు వైపులా లాగి కట్టండి.

ఎత్తు గురించి మేస్త్రీలతో నాకు ఎప్పుడూ వాదనే. రేకుకి ఒక అడుగు పైకి లేపి చాలంటారు. సెప్టిక్ ట్యాంకుల గురించి ఐఎస్ 2470 అనే భారత ప్రమాణం ఉంది. దాని ప్రకారం గాలి పైపు కనీసం 50 మిల్లీమీటర్ల లావు ఉండాలి. ట్యాంకు దగ్గర్లోని కట్టడానికి 15 మీటర్లు, అంటే దాదాపు 50 అడుగుల దూరంలో ఉంటే పైపు 2 మీటర్ల ఎత్తు చాలు. అంతకన్నా దగ్గరగా ఉంటే కట్టడం పైభాగం కన్నా ఇంకో 2 మీటర్లు పైకి పోవాలి. మన పల్లె దొడ్లలో 50 అడుగుల ఖాళీ ఎవరికుంటుంది? కాబట్టి రెండో లెక్కే మనది. దొడ్లో గది పొట్టిదే అయినా పక్కన మీ మేడ ఉంటే పైపుని మేడ గోడకి తెచ్చి, దాబా మీదికి లేపండి. పక్కింటి వాళ్ల కిటికీ ఎటుందో కూడా చూసుకోండి. దక్షిణపు గాలికి వాసన వాళ్లింట్లోకి పోతే ఆ గొడవ ఏళ్ల తరబడి నడుస్తుంది.

పైపు చివర కౌల్, అంటే గాలాడే టోపీ, పెట్టేముందు దానికింద దోమలు దూరని జాలీ తప్పకుండా బిగించాలి. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ సెప్టిక్ ట్యాంకుల్లో గుడ్లు పెట్టి పెరుగుతుంది, గాలి పైపే దానికి రాకపోకల దారి. గోదావరి జిల్లాల వాళ్లకి బోదకాలు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇనప జాలీ ఆ గ్యాసుకి తుప్పుపట్టి రాలిపోతుంది, స్టీలుదో నైలానుదో వాడండి. కౌల్‌కి పైపులు అతికించే సొల్యూషన్ పూయకండి, ఒత్తి బిగిస్తే చాలు. మళ్లీ తీసి శుభ్రం చేసుకోవాలి కదా.

ట్యాంకు కొత్తగా కడుతుంటే మేస్త్రి దగ్గర నిలబడి రెండు విషయాలు చూడండి. లోపలి అడ్డగోడ స్లాబుకి ఆనకూడదు, పైన ఖాళీ వదలాలి. లైను ట్యాంకులోకి దిగే చోట టీ వేసి, దాని పై మూతి తెరిచే ఉంచాలి. అది సిమెంటుతో పూడ్చేస్తే మీరు పైన ఎంత ఎత్తు పైపు లేపినా ట్యాంకుకి ఊపిరాడదు. పాత ట్యాంకులో ఇవి ఎలా ఉన్నాయో చూద్దామని మాత్రం మూత తీసి లోపలికి వంగకండి, అగ్గిపుల్ల గీయకండి, బీడీ కాల్చకండి. అందులో మండే మీథేన్ ఉంటుంది, ప్రాణం తీసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఈ రెండోది ఎక్కువైతే ముక్కుకి వాసన కూడా తెలియకుండా పోతుంది. ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దించడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. దించమని అడిగిన ఇంట్లో నేను పని ఒప్పుకోను.

ట్యాంకు లేకుండా, ఒకటి నిండితే రెండోది వాడుకునే రెండు గుంతల లెట్రిన్ అయితే ఈ ఖర్చేమీ అక్కర్లేదు. గ్యాసు గుంత గోడల్లోంచి మట్టిలోకే ఇంకిపోతుంది, దానికి గాలి పైపు పెట్టరు. అక్కడ వాసనొస్తే పాన్ సమంగా కూర్చుందా, ట్రాపులో నీళ్లు నిలుస్తున్నాయా అని మాత్రం చూడండి.

పనయ్యాక నేను చేసిన సుద్దగీత పరీక్షే మీరూ చేయండి. రెండు బకెట్లు వెంటవెంటనే గుమ్మరించాక కూడా నీళ్లు గీత దగ్గరే ఉంటే మేస్త్రికి డబ్బులివ్వండి. చుట్టాలొచ్చినప్పుడే వాడే గదైతే వేసవిలో వారానికోసారి కమోడ్‌లో, నహానీ ట్రాపులో చెంబెడు నీళ్లు పోస్తూ ఉండాలి. ఎండకి ఆ నీళ్లు ఆరిపోతే గాలి పైపు ఎంత బాగున్నా వాసన వస్తుంది. వానలకి ముందు ఒకసారి నిచ్చెనేసి కౌల్ తీసి చూడండి. జాలీకి సాలెగూడు, కందిరీగల తుట్టె పడుతుంటాయి. తుట్టె ఉంటే పొద్దువాలాక తీయించండి.