క్యాప్సూల్ ఎండోస్కోపీ: మింగే ముందు చూసుకోవాల్సినవి, మింగాక చేయాల్సినవి

నోటి నుంచి వేసే ఎండోస్కోపీ చిన్నపేగు మొదటి భాగం దగ్గర ఆగిపోతుంది. కింద నుంచి వెళ్లే కొలనోస్కోపీ పెద్దపేగంతా చూసి, చిన్నపేగు చివరి కొసలోకి కాస్త తొంగిచూస్తుంది. నడుమ మీటర్ల కొద్దీ చిన్నపేగు చూడకుండానే మిగిలిపోతుంది. రెండు పరీక్షల్లోనూ ఏమీ కనబడకపోయినా హిమోగ్లోబిన్ పడిపోతూనే ఉంటే, మలం తారులా నల్లగా వస్తుంటే, వెతకాల్సింది అక్కడే. మింగితే పేగు గుండా బొమ్మలు తీసుకుంటూ పోయే, 2001లో అమెరికాలో అనుమతి పొందిన క్యాప్సూల్ కెమెరా ఈ పనికే పుట్టింది. పొడవు సుమారు 26 మిల్లీమీటర్లు, మందం 11. రక్తం కంటికి కనబడేలా పోతుంటే 2 రోజుల్లోపే చేయించడం మేలు. ఆలస్యమైతే రక్తస్రావం ఆగిపోయి, చోటు దొరకదు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది: పేగులో ఎక్కడైనా ఇరుకు ఉందా? క్రోన్స్ జబ్బు (పేగులో దీర్ఘకాలంగా ఉండే వాపు), పేగు టీబీ, ఏళ్ల తరబడి నొప్పి మాత్రల వాడకం, పొట్టకు రేడియేషన్, పాత పేగు ఆపరేషన్ - వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చెప్పి తీరాలి. మన దేశంలో పేగు టీబీ అరుదు కాదు కాబట్టి ఈ ప్రశ్నను దాటవేయకూడదు. తిన్న కాసేపటికి మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, వాంతులు ఉన్నా అనుమానించాలి. ఇరుకులో క్యాప్సూల్ చిక్కుకుంటే తీయడానికి ఒక్కోసారి ఆపరేషనే చేయాల్సి వస్తుంది.

అనుమానం ఉంటే ముందు సీటీ లేదా ఎంఆర్ ఎంటరోగ్రఫీ (చిన్నపేగును ద్రవంతో నింపి తీసే స్కాన్) చేస్తారు. మామూలు సీటీలో పేగు ముడుచుకుని ఉంటుంది, ఇరుకు తెలియదు. అందుకే మానిటాల్ వంటిది కలిపిన నీళ్లు లీటరు నుంచి లీటరున్నర దాకా, సుమారు 45 నిమిషాల నుంచి గంటలో తాగిస్తారు. చెప్పిన వేగంలోనే తాగండి. సాగదీస్తే నీళ్లు పెద్దపేగులోకి జారిపోయి, చిన్నపేగు మళ్లీ ముడుచుకుంటుంది. కరిగిపోయే ఉత్తుత్తి క్యాప్సూల్‌ను ముందుగా మింగించి దారి చూసే పద్ధతి కూడా ఉంది.

ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. అవి పేగు గోడకు నల్లటి పూతలా అంటుకుని, చిన్న పుండ్లను కప్పేస్తాయి. ముందు రోజు మధ్యాహ్నం నుంచి మజ్జిగ తేట, కొబ్బరి నీళ్లు వంటి ద్రవాలే. ఎరుపు రంగు పానీయాలు వద్దు, రక్తమని పొరబడతారు. సాయంత్రం పేగును శుభ్రం చేసే పెగ్ పౌడర్ ద్రావణం, సాధారణంగా 2 లీటర్లు. తర్వాత 10-12 గంటలు ఏమీ తినకూడదు. షుగరుకు మందులో ఇన్సులినో వాడేవాళ్లు ఆ రోజు డోసు ఎంతో ముందే అడగాలి. పేస్‌మేకర్ ఉన్నా, మింగడం కష్టమైనా అప్పుడే చెప్పాలి. మింగలేనివారికి ఎండోస్కోపీతో క్యాప్సూల్‌ను లోపల వదులుతారు.

క్యాప్సూల్ పంపే బొమ్మలను అందుకునే రికార్డర్‌ను బెల్టుతో నడుముకు కట్టాక, నురుగు తగ్గించే సిమెథికోన్ కలిపిన నీళ్లతో క్యాప్సూల్ మింగిస్తారు. గంట తర్వాత అది జీర్ణాశయం దాటిందో లేదో రికార్డర్ తెరమీద చూడమని అడగండి. షుగరు ఉన్నవాళ్లలో అది అక్కడే తిరుగుతూ బ్యాటరీ వృథా కావచ్చు. అలా జరిగితే మందిచ్చో, ఎండోస్కోపీతో తోసో ముందుకు పంపుతారు. 2 గంటలకు నీళ్లు, 4 గంటలకు ఇడ్లీ వంటి తేలికపాటి ఆహారం తీసుకోవచ్చు. తిరగొచ్చు, బరువులు ఎత్తొద్దు, బెల్టు విప్పొద్దు.

క్యాప్సూల్ బయటికి వచ్చిందని తేలేదాకా ఎమ్మారై గదిలోకి అడుగుపెట్టొద్దు. ఇది కచ్చితమైన నిషేధం. 2 వారాలైనా కనబడకపోతే పొట్ట ఎక్స్‌రే తీయించాలి. ఆలోగా నొప్పి, వాంతులు వస్తే వెంటనే వెళ్లాలి.

సెకనుకు 2 బొమ్మల చొప్పున 8 గంటలకు 57,600 అవుతాయి. రక్తం కారే చిన్న చుక్క వాటిలో ఒకటి రెండు బొమ్మల్లోనే కనబడొచ్చు. అనుమానం ఉన్న బొమ్మలను ఏరిపెట్టే కృత్రిమ మేధ ఇప్పుడు డాక్టరు సమయాన్ని బాగా ఆదా చేస్తోంది, అయినా తేల్చాల్సింది డాక్టరే. క్యాప్సూల్‌తో పరీక్షకు పేగు ముక్క తీయడం, రక్తం ఆపడం కుదరదు. ఏదైనా దొరికితే తర్వాతి మెట్టు బెలూన్ ఎంటరోస్కోపీ, అంటే బెలూన్ సాయంతో చిన్నపేగు లోతుకు వెళ్లే ఎండోస్కోపీ.

రిపోర్టులో రెండు వాక్యాలు వెతకండి: క్యాప్సూల్ పెద్దపేగు దాకా చేరిందా, పేగు ఎంత శుభ్రంగా ఉంది. చేరకముందే బ్యాటరీ అయిపోతే, 'నార్మల్' అన్న మాట చూసినంత మేరకే వర్తిస్తుంది.