దీపావళికి సీరియల్ లైట్లు కట్టే ముందు

అటక మీంచి దింపిన పాత సెట్‌ను వెంటనే ప్లగ్గులో పెట్టొద్దు. ముందు చిక్కులు విప్పి, పగటి వెలుతురులో వైరంతా చూడండి. ఎలుక కొరికినా, హోల్డర్ దగ్గర నల్లగా కమిలినా ఆ సెట్ పారేయడమే. టేపు చుట్టి నెట్టుకొద్దామనుకోకండి.

• వైరు కొసలు సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి మానండి. పుల్ల జారితే చాలు, కరెంటున్న తీగ బయట వేలాడుతుంది. ప్లగ్గు ఖరీదెంతని!

• బల్బు చిన్నదే అయినా, అడాప్టర్ లేని సెట్లలో పారేది ఇంటి 230 వోల్టుల కరెంటే. బల్బు మార్చాలంటే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి.

• బాల్కనీ ఇనుప గ్రిల్‌కు కట్టుతీగతో కట్టొద్దు. తీగ వైరు తొడుగును కోస్తే గ్రిల్ మొత్తానికి కరెంటు వస్తుంది. ప్లాస్టిక్ ట్యాగులు వాడండి.

• ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను చుట్టగా ఉంచి వెలిగించొద్దు, వేడెక్కుతుంది.

• కోస్తాలో ఆ రోజుల్లో వానలు మామూలే. ఆరుబయటకు ఐపీ65 రకం (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోనిది) కొనండి. జాయింట్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సు తడవని చోట ఉండాలి.

• ప్రమిదలకు, కర్టెన్లకు దూరంగా కట్టండి.

• మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే లైట్ల సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.